పానిక్ వచ్చిందా? ఏదీ బాగుచెయ్యకండి

లైనక్స్ కెర్నెల్ సోర్స్ తెచ్చుకుని, కంపైల్ చేసి, ఆశగా రీబూట్ కొట్టాక మెషీన్ లేవకపోతే చుట్టూ ఉన్నవాళ్ల సలహాలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. ఫార్మాట్ కొట్టెయ్. గ్రబ్ మళ్లీ ఎక్కించు. డిస్క్ పాడైనట్టుంది, ఎఫ్‌ఎస్‌సీకే నడుపు. కాన్ఫిగ్ మార్చి మళ్లీ కంపైల్ చెయ్. ఈ నాలుగింట్లో ఏదీ వినొద్దని నా సలహా. బదులుగా నేను చెప్పబోయేవి వినగానే తప్పుడు సలహాల్లా అనిపిస్తాయి: బాగుచెయ్యొద్దు, చివరి లైన్ నమ్మొద్దు, కెర్నెల్‌ను లావుగానే ఉంచండి, నడుస్తున్నదాన్ని కావాలని పాడుచెయ్యండి. ప్రతి మాటా మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. బీటెక్‌లో ఓఎస్ ల్యాబ్ కోసం కొత్త సిస్టమ్ కాల్ ఒకటి చేర్చి, అది లేవలేదని ఆ రాత్రే ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి, ప్రాజెక్టు రిపోర్టుతో సహా పోగొట్టుకునే పిల్లల గురించి వింటే బాధేస్తుంది. పోవాల్సిన అవసరం ఏమాత్రం లేని ఫైళ్లవి.

ముందు వెనక్కి వెళ్లండి

కొత్త కెర్నెల్ లేవకపోతే చెయ్యాల్సిన మొదటి పని దాన్ని అలాగే వదిలేసి పాతదానిలోకి వెళ్లడం. మెషీన్ ఆన్ అవుతుండగా ఎస్కేప్ నొక్కండి, పాత బయాస్ మెషీన్ అయితే షిఫ్ట్ పట్టుకోండి. గ్రబ్ మెనూ వస్తుంది. ఉబుంటులో అయితే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అన్న వరసలో, ఫెడోరాలో అయితే నేరుగా మెనూలోనే, నిన్నటిదాకా నడిచిన కెర్నెల్ కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే మీ ఫైళ్లు, డెస్క్‌టాప్, సెట్టింగులు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. కంపైల్ తర్వాత కొత్తగా వచ్చి చేరినవి బూట్ డైరెక్టరీలో నాలుగు ఫైళ్లు, లిబ్ కింద మాడ్యూల్స్‌లో ఒక ఫోల్డర్. గ్రబ్ మెనూలో చేరిన కొత్త వరస తప్ప అంతకుమించి సిస్టమ్‌లో ఏమీ మారలేదు.

కెర్నెల్ మారినందువల్ల పైన నడిచే ప్రోగ్రాములు చెడిపోకూడదన్నది లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి పట్టుబట్టి నిలబెట్టిన నియమం. అందుకే మూడేళ్ల కిందటి డెబియన్ మీద ఇవాళ్టి కెర్నెల్ పెట్టినా సాధారణంగా నడుస్తుంది. నడవలేదంటే తప్పు దాదాపు ఎప్పుడూ కాన్ఫిగ్‌లోనో, ఇన్‌స్టాల్ చేసిన తీరులోనో ఉంటుంది. మొత్తం ఓఎస్ తుడిచి మళ్లీ ఎక్కిస్తే ఆ తప్పు ఏమిటో తెలియకుండానే చెరిగిపోతుంది, రేపు మళ్లీ కంపైల్ చేస్తే మళ్లీ అదే వస్తుంది.

పాతది మెనూలో ఉన్నా లేవడం లేదంటే కారణం సాధారణంగా ఒకటే: కొత్తదానికి వేరే పేరు పెట్టలేదు. వెర్షన్ పేరు ఒకటే అయితే కొత్త కెర్నెల్ పాతదాని మీదా, కొత్త మాడ్యూల్స్ పాత మాడ్యూల్స్ మీదా కూర్చుంటాయి. కాన్ఫిగ్‌లో జనరల్ సెటప్ తెరవగానే లోకల్ వెర్షన్ అన్న ఖాళీ ఉంటుంది. అందులో చిన్న గీత, మీ పేరులో రెండక్షరాలు పెట్టండి. కంపైల్ మొత్తంలో ఇంత తక్కువ శ్రమతో ఇంత కాపాడే పని ఇంకొకటి లేదు. అది చెయ్యక చిక్కుకున్నవాళ్లకు కూడా ఫార్మాట్ అక్కర్లేదు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, రూట్ పార్టిషన్‌నూ బూట్ పార్టిషన్‌నూ మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ మూడింటినీ దానికి బైండ్ చేసి, సీహెచ్‌రూట్ చేసి, డిస్ట్రో ఇచ్చే మామూలు కెర్నెల్ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

చివరి లైన్ నమ్మకండి

పానిక్ తెర మీద అందరి కళ్లూ పడేది చివరి లైన్ మీద, అందులోనూ "నాట్ సింకింగ్" అన్న మాట మీద. అదేదో డిస్క్ సింక్ అవ్వని సమస్య అనుకుని వెతుకులాట మొదలుపెడతారు. అది సమస్య పేరు కాదు. తనే కూలిపోతున్న స్థితిలో మెమొరీలో మిగిలిన డేటాను డిస్క్‌కు రాయడం లేదని కెర్నెల్ చెబుతోంది. చెడిన మెమొరీలోంచి డిస్క్ మీదకు చెత్త రాయకుండా ఆగిపోవడం మీ ఫైళ్లకు మేలే.

అసలు కారణం ఆ లైన్‌కు పైన ఉంటుంది, ఒక్కోసారి ఇరవై ముప్పై లైన్లు పైన. అది కనిపించాలంటే తెర నిశ్శబ్దంగా ఉండకూడదు. గ్రబ్ మెనూలో కొత్త కెర్నెల్ మీద ఉండి కీబోర్డులో ఇంగ్లీషు "e" అక్షరం నొక్కండి. లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివర్లో క్వైట్, స్ప్లాష్ అన్న రెండు మాటలుంటాయి. రెండూ తీసేసి, ఇగ్నోర్ అండర్‌స్కోర్ లాగ్‌లెవెల్ అన్నది చేర్చి, కంట్రోల్ ఎక్స్ కొట్టండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, ఏదీ శాశ్వతంగా మారదు.

లైన్లు పరుగెత్తిపోతే షిఫ్ట్ పట్టుకుని పేజ్‌అప్ కొట్టమని పాతవాళ్లు చెబుతారు. కన్సోల్‌లో అలా వెనక్కి జరిగే సదుపాయాన్ని 2020లో, 5.9 వెర్షన్‌లో తీసేశారు. ఇప్పుడు ఫోన్‌తో వీడియో తీసి, ఆపి ఆపి చూడటమే మంచి పద్ధతి. వర్చువల్ మెషీన్ అయితే సీరియల్ కన్సోల్ పెట్టుకోండి, మొత్తం ఫైల్‌లో పడుతుంది. 6.10 నుంచి కెర్నెల్‌లో డీఆర్‌ఎం పానిక్ అన్న ఏర్పాటు వచ్చింది. డ్రైవర్ సహకరిస్తే గ్రాఫిక్స్ నడుస్తున్నప్పుడు కూడా పానిక్ తెర మీద కనిపిస్తుంది. 6.12లో దానికి క్యూఆర్ కోడ్ కూడా చేరింది, ఫోన్‌తో స్కాన్ చేస్తే లాగ్ వస్తుంది. మీరు కంపైల్ చేసేటప్పుడు ఆ ఆప్షన్ ఆన్ చెయ్యండి.

సున్నా, సున్నా ఏం చెబుతున్నాయి

సొంతంగా కంపైల్ చేసినవాళ్లకు తరచుగా తగిలే పానిక్ ఇది: "వీఎఫ్‌ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)". దీన్ని చూసి డిస్క్ పోయిందని భయపడేవాళ్లు ఎక్కువ. నిజానికి కెర్నెల్ ఇచ్చే సందేశాల్లో ఇంత ఉపయోగపడేది అరుదు. ఆ రెండు అంకెలు చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

మొదటి అంకె మేజర్ నంబర్, ఏ రకం డిస్కో చెబుతుంది. రెండోది మైనర్ నంబర్, ఏ డిస్క్, అందులో ఏ పార్టిషనో చెబుతుంది. 8 అంటే సాటా లేదా యూఎస్‌బీ డిస్క్. (8,1) అంటే ఎస్‌డీఏ1, (8,2) అంటే ఎస్‌డీఏ2. ఎన్‌వీఎంఈ డిస్కులు 259 కింద వస్తాయి. 179 అంటే మెమొరీ కార్డు. రాస్‌ప్‌బెర్రీ పై మీద ప్రయోగాలు చేసేవాళ్లకు (179,2) బాగా పరిచయం, కార్డులో రెండో పార్టిషన్ అది.

సున్నా సున్నా అంటే, రూట్= అని బూట్ లైన్‌లో మీరిచ్చిన పేరుకు సరిపోయే డిస్క్ ఏదీ కెర్నెల్‌కు దొరకలేదని. అప్పుడు ఆ లైన్‌కు కాస్త పైన చూడండి. తనకు కనిపించిన పార్టిషన్లన్నీ కెర్నెల్ అక్కడ పట్టికగా అచ్చువేస్తుంది. ఆ పట్టికలో మీ డిస్కే లేకపోతే డిస్క్ డ్రైవర్ కెర్నెల్‌లోకి రాలేదు. మీ డిస్క్ పట్టికలో ఉండి కూడా సున్నా సున్నా వస్తే పేరు తప్పు.

ఈ పేరు తప్పడం చాలామందికి ఊహకందని తీరులో జరుగుతుంది. గ్రబ్ సాధారణంగా రూట్= దగ్గర ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ పెడుతుంది. ఆ యూయూఐడీని కెర్నెల్ స్వయంగా చదవలేదు. దాన్ని చదివి, ఏ పార్టిషనో వెతికిపెట్టేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోని, అంటే రూట్ దొరికేదాకా మెమొరీలో ఉండే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్‌లోని, చిన్న ప్రోగ్రాములు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఎందుకులే అని తీసేసి, యూయూఐడీని మాత్రం అలాగే ఉంచితే, డ్రైవర్లన్నీ సరిగ్గా ఉన్నా పానిక్ తప్పదు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా లేపాలనుకుంటే పార్ట్‌యూయూఐడీ ఇవ్వండి. అది పార్టిషన్ టేబుల్‌లో ఉంటుంది, కెర్నెల్‌కు నేరుగా అర్థమవుతుంది.

బ్రాకెట్లో సున్నాలు కాకుండా (8,1) లాంటివి వచ్చాయంటే డిస్క్ దొరికింది, దాని మీద ఉన్న ఫైల్‌సిస్టమ్ చదవడం రాలేదు. ఉబుంటులో మామూలుగా ఈఎక్స్‌టీ4 ఉంటుంది. ఫెడోరా డెస్క్‌టాప్‌లో 33వ విడుదల నుంచి, అంటే 2020 నుంచి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వస్తోంది. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్‌లో 7 నుంచి ఎక్స్‌ఎఫ్‌ఎస్. ఉబుంటు వాడే మిత్రుడి కాన్ఫిగ్ తెచ్చుకుని ఫెడోరాలో వాడితే ఇక్కడే దెబ్బ తగలొచ్చు.

"ఈఎక్స్‌టీ4 ఆన్ చేశాను కదా, ఎం అని కనిపిస్తోంది" అంటారు. ఎం అంటే మాడ్యూల్. ఆ మాడ్యూల్ ఫైల్ ఉండేది ఈఎక్స్‌టీ4 డిస్క్ మీదే. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా ఇలా చెయ్యడం తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వెయ్యడమే. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేకపోతే రూట్‌కు చేరే దారిలో ఉన్నవన్నీ ఎం కాకుండా వై కావాలి: కంట్రోలర్ డ్రైవర్, డిస్క్ డ్రైవర్, ఫైల్‌సిస్టమ్. సాటా మెషీన్లలో ఏహెచ్‌సీఐ పెట్టి స్కసీ డిస్క్ సపోర్ట్ మరిచిపోవడం మామూలే. అప్పుడు తెర మీద ఏటీఏ లింక్ అప్ అని వస్తుంది, కంట్రోలర్ పలుకుతుంది, కానీ ఎస్‌డీఏ మాత్రం పుట్టదు. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఎన్‌వీఎంఈ డిస్క్ వీఎండీ అన్న కంట్రోలర్ వెనక దాక్కుని ఉంటుంది, ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఒక్కటీ సరిపోదు, వీఎండీ కూడా కావాలి. కేవీఎం మీద నడిచే క్లౌడ్ సర్వర్లో అయితే వర్టయో పీసీఐ, వర్టయో బ్లాక్. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే డీఎం-క్రిప్ట్, పైగా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ తప్పనిసరి, పాస్‌వర్డ్ అడిగేది అదే.

గ్రబ్ జోలికీ, డిస్క్ జోలికీ పోకండి

మెషీన్ లేవడంలో ఒకరి తర్వాత ఒకరు పనిచేస్తారు. ఫర్మ్‌వేర్ గ్రబ్‌ను పిలుస్తుంది, గ్రబ్ కెర్నెల్‌నూ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌నూ మెమొరీలోకి తెస్తుంది, కెర్నెల్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను విప్పుతుంది, అది రూట్‌ను మౌంట్ చేసి సిస్టమ్‌డీకి అప్పజెబుతుంది. తెర మీద చివరగా మాట్లాడింది ఎవరో చూడండి. వాళ్లకు ముందున్నవాళ్ల పని పూర్తయింది, వాళ్లను ముట్టుకోవద్దు.

కెర్నెల్ ఒక్క అక్షరం అచ్చువేసినా గ్రబ్ తన పని చక్కగా చేసిందనే అర్థం. అప్పుడు గ్రబ్‌ను మళ్లీ ఎక్కించినా ఏమీ మారదు. పైగా డ్యుయల్ బూట్ మెషీన్లో తప్పు డిస్క్ మీద ఎక్కిస్తే విండోస్ కూడా లేవని కొత్త సమస్య వస్తుంది. ఎఫ్‌ఎస్‌సీకే సంగతీ అంతే. లేని డ్రైవర్‌ను అది తేలేదు. అదే పార్టిషన్ పాత కెర్నెల్ కింద చక్కగా మౌంట్ అవుతుంటే డిస్క్ బాగానే ఉంది. ప్రతి ప్రశ్నకూ వై అని జవాబిచ్చే ఎఫ్‌ఎస్‌సీకే నడపమనడం ఆరోగ్యంగా ఉన్నవాడికి ఆపరేషన్ చెయ్యమనే సలహా.

నల్ల తెర మీద ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అని బ్రాకెట్లో ఉన్న ప్రాంప్ట్ వస్తే చాలామంది పానిక్ కన్నా ఎక్కువ కంగారు పడతారు. కంగారు వద్దు, అక్కడ కెర్నెల్ బతికే ఉంది, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కూడా బతికే ఉంది. రూట్ దొరక్క మిమ్మల్ని సాయం అడుగుతోంది. అక్కడ మూడే చూడండి. ప్రాక్ కింద సీఎండీలైన్‌లో రూట్= ఏముంది? బీఎల్‌కేఐడీ కొడితే ఆ యూయూఐడీ కనిపిస్తోందా? ప్రాక్ కింద మాడ్యూల్స్‌లో మీ డిస్క్ డ్రైవర్ ఉందా? యూఎస్‌బీ డిస్క్ అయితే ఆలస్యంగా పైకొస్తుంది, కాసేపటికి బీఎల్‌కేఐడీలో కనిపిస్తే ఎగ్జిట్ కొట్టండి, బూట్ ముందుకు సాగుతుంది. అలాంటి డిస్క్‌కు రూట్‌డిలే ఇవ్వాలి.

కెర్నెల్‌ను సన్నబరచకండి

కంపైల్ చేసేదే కెర్నెల్‌ను చిన్నదిగా చెయ్యడానికి అనే నమ్మకం ఇంకా బలంగా ఉంది. నా మెషీన్లో లేనివన్నీ తీసేస్తాను, అప్పుడు వేగంగా లేస్తుంది అంటారు. మొదటిసారి కంపైల్ చేసేవారికి నా సలహా దీనికి ఎదురు: ఒక్క ఆప్షన్ కూడా తియ్యకండి. డిస్ట్రో కాన్ఫిగ్ ఫైల్ బూట్ డైరెక్టరీలోనే ఉంటుంది. దాన్ని యథాతథంగా సోర్స్‌లోకి డాట్ కాన్ఫిగ్‌గా కాపీ చేసి, మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టి కంపైల్ చెయ్యండి. గంటలు పట్టినా పట్టనివ్వండి. అది లేచాకే, లేచినదాని కాన్ఫిగ్ భద్రపరుచుకున్నాకే, తీసివేతలు మొదలుపెట్టండి. వాడని మాడ్యూల్ డిస్క్ మీద పడి ఉంటుందే తప్ప మెమొరీలోకి రాదు, దాన్ని తీసేసినందువల్ల వచ్చే వేగం లేదు. తగ్గేది కంపైల్ సమయం.

ఆ సమయం తగ్గించుకోవాలంటే మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఉంది, 2.6.32 నుంచి. ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్ మాత్రం ఉంచి మిగతావి తీసేస్తుంది. చాలా మంచి సాధనం, అయితే ఆ క్షణంలో మీరు ఏవి వాడుతున్నారన్నదే దానికి ప్రమాణం. అందుకే అది కొట్టే ముందు పెన్‌డ్రైవ్, ప్రింటర్, బ్లూటూత్ హెడ్‌సెట్, ఫోన్ టెథరింగ్, ఎక్స్‌టర్నల్ డిస్క్ అన్నీ ఒకసారి తగిలించండి. వీపీఎన్ ఆన్ చెయ్యండి. ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది, అది మౌంట్ అయి ఉందో లేదో చూడండి. లేకపోతే వీఫ్యాట్ రాలిపోయి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉన్న ఆ లైన్ దగ్గర సిస్టమ్‌డీ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడిపోతుంది.

మరీ పాత వెర్షన్ కాన్ఫిగ్ కొత్త సోర్స్‌కు తగిలించడమూ ప్రమాదమే. మధ్యలో పేరు మారిన ఆప్షన్ చడీచప్పుడు లేకుండా రాలిపోతుంది. సిస్టమ్‌డీకి సీగ్రూప్స్, డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్, ఐనోటిఫై, సిగ్నల్‌ఎఫ్‌డీ, టైమర్‌ఎఫ్‌డీ, ఈపోల్ లాంటివి తప్పనిసరి. వాటిలో ఒకటి లేకపోయినా రూట్ మౌంట్ అయ్యాక కూడా బూట్ ఆగిపోవచ్చు. "అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్" అని వచ్చి పక్కన ఎగ్జిట్‌కోడ్ 0x00007f00 ఉంటే అందులోని 7ఎఫ్ అంటే 127. కెర్నెల్ ఇనిట్‌ను మొదలుపెట్టింది, ఇనిట్‌కు కావాల్సిన లైబ్రరీనో ప్రోగ్రామో దొరకలేదు. అది కెర్నెల్ కాన్ఫిగ్ తగాదా కాకపోవచ్చు, మౌంట్ అయిన రూట్ సరైనదేనా అని ముందు చూడండి.

వరస మార్చకండి, స్ట్రిప్ చెయ్యండి

మేక్, తర్వాత మేక్ మాడ్యూల్స్ అండర్‌స్కోర్ ఇన్‌స్టాల్, ఆ తర్వాతే మేక్ ఇన్‌స్టాల్. చివరిదే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేయిస్తుంది. మాడ్యూల్స్ అప్పటికే తమ చోట లేకపోతే అవి లేని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ తయారవుతుంది. డిస్ట్రో కాన్ఫిగ్‌లలో డీబగ్ సమాచారం ఆన్‌లో ఉంటుంది కాబట్టి మాడ్యూల్స్ ఉబ్బి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ వందల మెగాబైట్లకు పోతుంది. బూట్ పార్టిషన్ నిండి సగంలో తెగిన ఫైల్ మిగులుతుంది, లేదా బూట్ దగ్గర మెమొరీ చాలదు. ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్ = 1 అని చేర్చి మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేస్తే మామూలు సైజుకు వస్తుంది.

డెబియన్, ఉబుంటు వాళ్లకు ఇంకా మంచి దారి: మేక్ ఇన్‌స్టాల్ మానేసి మేక్ బిన్‌డెబ్-పీకేజీ కొట్టండి. డెబ్ ప్యాకేజీలు వస్తాయి. ఏపీటీతో ఎక్కించవచ్చు, నచ్చకపోతే ఏపీటీతో తీసెయ్యవచ్చు, చేతో తుడిచే పని ఉండదు.

నల్ల తెర చావు కాదు

గ్రబ్ తర్వాత తెర నల్లబడి అలాగే ఉండిపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకోకండి. ముందు క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే కెర్నెల్ బతికే ఉంది, మీకు చూపించే దారి లేదంతే. లైటు దానంతటదే మిణుకుమిణుకుమంటుంటే పానిక్. ల్యాప్‌టాప్ కీబోర్డుల్లో చాలావరకు ఈ గుర్తు పనిచేస్తుంది. బతికి ఉన్నప్పుడు ఇంకో మెషీన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ప్రయత్నించండి, లోపలికి వెళ్లి డీమెసేజ్ చదవండి. సాధారణంగా తేలేది రెండే: ఈఎఫ్‌ఐ ఫ్రేమ్‌బఫర్ లేదా సింపుల్ డీఆర్‌ఎం ఆప్షన్ కాన్ఫిగ్‌లో పోయి ఉంటుంది, లేదా ఎన్‌విడియా సొంత డ్రైవర్ కొత్త కెర్నెల్‌కు కంపైల్ అయి ఉండదు. డీకేఎంఎస్ స్టేటస్ చూస్తే రెండోది తెలుస్తుంది.

నిజంగా బిగుసుకుపోతే ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ పట్టుకుని ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బీ ఒక్కొక్కటే నెమ్మదిగా నొక్కండి. డిస్క్‌ను సింక్ చేసి, రీడ్-ఓన్లీగా మార్చి, రీబూట్ చేస్తుంది. మీ కాన్ఫిగ్‌లో మ్యాజిక్ సిస్‌ఆర్‌క్యూ ఉండాలి. కొన్ని డిస్ట్రోలు వీటిలో కొన్ని మీటలను ఆపి ఉంచుతాయి, ముందే చూసుకోండి.

కాలం చెల్లిన మందులు

మేక్ డెప్ కొట్టమనే సలహా 2.4 కాలానిది. 2003 డిసెంబర్‌లో 2.6 వచ్చాక దాని అవసరం లేదు. లిలో మళ్లీ నడపమనేది ఇంకో పాత మాట. లిలో కెర్నెల్ డిస్క్ మీద ఏయే బ్లాకుల్లో ఉందో రాసిపెట్టుకునేది కాబట్టి కెర్నెల్ మారిన ప్రతిసారీ నడపాల్సి వచ్చేది. గ్రబ్ ఫైల్‌సిస్టమ్‌ను స్వయంగా చదువుతుంది. రూట్= దగ్గర హెచ్‌డీఏ1 అని రాయమనే పుస్తకాలు ఇప్పటికీ కాలేజీ లైబ్రరీల్లో ఉన్నాయి. ఆ పాత ఐడీఈ డ్రైవర్లను 2021లో 5.14 నుంచి తీసేశారు, ఆ పేరుతో డిస్క్ ఇక పుట్టదు. మేక్ ఎమ్ఆర్‌ప్రాపర్ ముందు కొట్టమంటారు, అది మీ డాట్ కాన్ఫిగ్‌ను కూడా చెరిపేస్తుంది.

అన్నింటికన్నా చెడ్డది ఏసీపీఐ=ఆఫ్, నోఏపీఐసీ, నోమోడ్‌సెట్ అన్నీ ఒకేసారి పడేయమనే సలహా. ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్లెన్ని, ఇంటరప్టులు ఎటు పోతాయి అన్న సమాచారం ఏసీపీఐ పట్టికల్లోనే ఉంటుంది. అవి కట్టేస్తే కొత్త జబ్బులు పుట్టి పాతదాన్ని కప్పేస్తాయి. ఒకసారికి ఒకటే మార్చండి.

సెక్యూర్ బూట్ గురించి ఒక్క మాట. గ్రబ్ "బ్యాడ్ షిమ్ సిగ్నేచర్" అంటే మీ కెర్నెల్ మీద సంతకం లేదని. శాశ్వతంగా ఆపెయ్యమనేవాళ్ల మాట వినకుండా సొంత కీ ఒకటి తయారుచేసుకుని, మోక్‌యుటిల్‌తో చేర్చి, సైన్ చెయ్యడం నేర్చుకోండి.

కొత్తదాన్ని డిఫాల్ట్ చెయ్యకండి

ఎంత నమ్మకమున్నా కొత్త కెర్నెల్‌ను మొదటిసారి డిఫాల్ట్‌గా లేపొద్దు. గ్రబ్ సెట్టింగుల్లో డిఫాల్ట్‌ను సేవ్డ్ అని మార్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి, పాత కెర్నెల్‌ను గ్రబ్-సెట్-డిఫాల్ట్‌తో నిలపండి. ఆ తర్వాత గ్రబ్-రీబూట్‌తో కొత్తదాన్ని ఒక్కసారికి మాత్రం ఎంచుకోండి. కొత్తదాని బూట్ లైన్‌లో పానిక్=10 చేర్చండి. పానిక్ వస్తే పది సెకన్ల తర్వాత దానంతటదే రీబూట్ అయి పాతదానిలోకి వచ్చేస్తుంది. దూరంగా ఉన్న సర్వర్ మీద పనిచేసేవాళ్లకు ఇదే ప్రాణం. ఒక హెచ్చరిక: బూట్ డైరెక్టరీ ఎల్‌వీఎం మీదో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీదో ఉంటే గ్రబ్ అక్కడ రాయలేదు, ఒక్కసారికి అన్నది చెరగదు, చెడిన కెర్నెలే మళ్లీ మళ్లీ లేస్తుంటుంది. బూట్‌కు వేరే ఈఎక్స్‌టీ4 పార్టిషన్ ఉంటే ఆ బెడద లేదు.

కావాలని పాడుచెయ్యండి

నడుస్తున్న కెర్నెల్‌ను తెలిసి పాడుచేసి చూడటమే ఈ విద్యలో అసలు పాఠమని నేను గట్టిగా నమ్ముతాను. మీ ల్యాప్‌టాప్ మీద కాదు, క్యూఎములో. క్యూఎము కెర్నెల్ ఫైల్‌ను నేరుగా తీసుకుని లేపుతుంది, గ్రబ్ అక్కర్లేదు. కన్సోల్=టీటీవైఎస్0 ఇచ్చి నోగ్రాఫిక్ పెడితే సందేశాలన్నీ టెర్మినల్‌లోనే పడతాయి. అక్కడ ఈఎక్స్‌టీ4 తీసేసి లేపండి, ఏం వస్తుందో రాసుకోండి. వర్టయో బ్లాక్ తీసేసి లేపండి. రూట్= తప్పు ఇవ్వండి. ఇనిట్= దగ్గర లేని ఫైల్ పేరు పెట్టండి. ఒక్కో పానిక్ ముఖం గుర్తుండిపోతుంది. ఓఎస్ ల్యాబ్‌లో సిస్టమ్ కాల్ చేర్పించే అధ్యాపకులకు నా విన్నపం కూడా ఇదే: విద్యార్థుల చేత ముందు నాలుగు రకాల పానిక్‌లు తెప్పించండి, సిస్టమ్ కాల్ తర్వాత చేర్పించండి.

కాన్ఫిగ్ అదే, పాత వెర్షన్ లేస్తోంది, కొత్త వెర్షన్ లేవడం లేదు అంటే అప్పుడు తప్పు నిజంగానే కెర్నెల్‌లో ఉండొచ్చు. గిట్ బైసెక్ట్ వాడండి. రెండు వరస విడుదలల మధ్య పదివేలకు పైగా మార్పులు ఉండటం మామూలే, అయినా ప్రతి అడుగులో సగం కొట్టేస్తుంది కాబట్టి సుమారు పద్నాలుగు బూట్లలో దోషి దొరుకుతుంది. ఆ ఒక్క కమిట్ పేరుతో ఫిర్యాదు పంపితే దాన్ని రాసినవారే సమాధానం ఇస్తారు. దొరికిన తప్పు మీ ఒక్కరిదే కాదు, ఆ డ్రైవర్ వాడే అందరిదీ.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు "కెర్నెల్ పానిక్ వస్తోంది, ఏం చెయ్యాలి" అని అడగకండి. పానిక్‌కు పైన ఉన్న లైన్లన్నీ కనిపించే ఫొటో, మీ డాట్ కాన్ఫిగ్, ప్రాక్ సీఎండీలైన్, పాత కెర్నెల్ కింద తీసిన ఎల్‌ఎస్‌పీసీఐ, ఎల్‌ఎస్‌బీఎల్‌కే, ఎల్‌ఎస్‌మాడ్ ఫలితాలు పంపండి. ఈ ఆరూ చేతిలో ఉంటే చాలాసార్లు అడగాల్సిన అవసరమే రాదు. అడిగినా, తెలిసినవారు ఒక్క జవాబులో చెప్పగలుగుతారు.